మా నాన్న వైరు, ఆమ్‌స్టర్‌డామ్ వైరు

సెమినార్ అయిపోయిందనుకున్నాను. చివరి స్లైడ్ మీద పెద్ద అక్షరాలతో "ఒక ఫెయిల్యూర్ కథ" అని రాసుకున్నాను. వెనక బెంచీలు అప్పటికే ఫోన్లలో మునిగిపోయాయి. మేడమ్ మాత్రం పెన్నుకి మూత పెట్టి, "ఇంతకీ ఫెయిలైంది కంపెనీయా, నెట్‌వర్కా?" అని అడిగారు.

"రెండూ ఒకటే కదా మేడమ్" అన్నాను.

"అయితే ఆ వైర్లన్నీ ఇప్పుడెక్కడున్నాయి? ఎవరైనా పీకేశారా?"

నా దగ్గర జవాబు లేదు. "చూసి చెప్తాను మేడమ్" అని కూర్చున్నాను. మార్కులు బాగానే వేశారు, కానీ ఆ ప్రశ్న నా వెంటే హాస్టల్‌కి వచ్చింది. దానికి కారణం మేడమ్‌కి తెలియదు. ఆ వారమే మా ఇంట్లో వైర్ల గురించే పెద్ద గొడవ నడుస్తోంది.

మా నాన్న కేబుల్ ఆపరేటర్. తణుకు నుంచి అరగంట దూరంలో ఉన్న మా ఊళ్లో 1995లో మేడ మీద డిష్ పెట్టి, అరవై ఇళ్లతో మొదలుపెట్టాడు. చిన్నప్పుడు నెల మొదటి వారం స్కూటర్ ముందు నిలబడి చందాలకి నేనూ వెళ్లేదాన్ని. చందా పుస్తకంలో టిక్కు పెట్టడం నా డ్యూటీ. ఒకప్పుడు పదకొండు వందల కనెక్షన్లు ఉండేవి. ఇప్పుడు ఆరు వందల నలభై. పిల్లలు టీవీ చూడట్లేదు, పెద్దవాళ్లు కూడా ఫోన్లోనే సీరియళ్లు చూసేస్తున్నారు. అందుకే ఊరంతా ఫైబర్ వేసి ఇంటర్నెట్ ఇవ్వాలని నాన్న నిర్ణయించుకున్నాడు. ఖర్చు పద్దెనిమిది లక్షలు. ఇల్లు తాకట్టు పెడితే బ్యాంకు ఇస్తానంది. అమ్మ ససేమిరా అంది. నాన్న నాకు ఫోన్ చేసి, "నువ్వు ఈసీఈ చదువుతున్నావు కదమ్మా, అమ్మకి నువ్వే చెప్పు" అన్నాడు.

ఎకనామిక్స్ పేపర్ సెమినార్‌కి నేను యూరప్ కేబుల్ కంపెనీని ఎంచుకున్నది ఇందుకే. అందరూ ఆపిల్, టెస్లా, టాటాలు తీసుకుంటే నేను యూపీసీ తీసుకున్నాను. పూర్తి పేరు యునైటెడ్ పాన్-యూరప్ కమ్యూనికేషన్స్. ఆమ్‌స్టర్‌డామ్ కేంద్రంగా పుట్టింది. పుట్టిన సంవత్సరం 1995. మా నాన్న డిష్ పెట్టిన ఏడాదే.

కథ మొదటి నుంచి చెప్తాను.

యూపీసీకి తల్లిదండ్రులు ఇద్దరు. ఒకరు మనకి బల్బులతో, రేడియోలతో తెలిసిన డచ్ కంపెనీ ఫిలిప్స్. ఇంకొకరు అమెరికాలోని డెన్వర్ నుంచి వచ్చిన యునైటెడ్ ఇంటర్నేషనల్ హోల్డింగ్స్. దాని అధిపతి జీన్ ష్నైడర్, 1950లలో వయోమింగ్ రాష్ట్రంలోని క్యాస్పర్ అనే పట్నంలో కేబుల్ మొదలుపెట్టిన మనిషి. ఆ కాలంలో కొండల మధ్య ఊళ్లకి టీవీ సిగ్నల్ అందేది కాదు. ఒకచోట సిగ్నల్ పట్టుకుని, వైరు మీద ఇంటింటికీ పంచి, నెలనెలా చందా తీసుకోవడమే వ్యాపారం. చదువుతున్నప్పుడు నాకు నవ్వొచ్చింది. స్కూటర్ ఒక్కటే తక్కువ.

యూరప్‌లో అప్పటికే వైర్లు ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో అయితే నూటికి తొంభైకి పైగా ఇళ్లకి కేబుల్ ఉండేది. చాలా ఊళ్లలో వాటిని వేసింది మునిసిపాలిటీలే, నీళ్ల పైపులు వేసినట్టే భూమిలో పూడ్చి మరీ వేశాయి. ఆమ్‌స్టర్‌డామ్ నగరం కూడా తన సొంత నెట్‌వర్క్‌ని 1995లో ప్రైవేటు వాళ్లకి అమ్మేసింది. వియన్నా నెట్‌వర్క్‌లో ఫిలిప్స్‌తో పాటు నగరానికీ చిన్న వాటా ఉండేది. ఇలాంటి నెట్‌వర్క్‌లని ఒక్కొక్కటిగా పోగేయడమే యూపీసీ పని. 1997 చివర్లో అమెరికా వాళ్లు అప్పు తెచ్చి ఫిలిప్స్ వాటా కూడా కొనేశారు. నాయకత్వం జీన్ ష్నైడర్ కొడుకు మార్క్ ష్నైడర్ చేతికి వచ్చింది.

వాళ్ల ఆలోచన తప్పు కాదు. ఈసీఈ వాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. ఫోన్ కంపెనీ ఇంటికి వేసింది సన్నటి రాగి జత. కేబుల్ వాడు వేసింది కోయాక్సియల్. దాని బ్యాండ్‌విడ్త్ ముందు రాగి జత ఎంత? అదే వైరు మీద టీవీ, ఇంటర్నెట్, ఫోన్ మూడూ ఇస్తే ఒక్కో ఇంటి నుంచి వచ్చే డబ్బు రెండు మూడింతలవుతుంది. కొత్తగా తవ్వక్కర్లేదు, వైరు ఎలాగూ ఉంది.

చిక్కు ఎక్కడంటే, పాత కేబుల్ ఒకవైపే మాట్లాడుతుంది. హెడ్‌ఎండ్ నుంచి ఇంటికి సిగ్నల్ వస్తుంది కానీ ఇంటి నుంచి వెనక్కి పోదు. దారిలో ఉన్న యాంప్లిఫైయర్లన్నీ కిందికే పెంచుతాయి. ఇంటర్నెట్ కావాలంటే ప్రతి యాంప్లిఫైయర్‌కీ రిటర్న్ పాత్ పెట్టాలి. యూరప్‌లో దానికి వాడేది 5 నుంచి 65 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న అడుగు భాగం. బయటి నాయిస్ అంతా దూరేది కూడా అక్కడే. పైగా వీధిలో ఇళ్లన్నీ ఒకే నోడ్‌కి చేరతాయి కాబట్టి ఏ ఇంట్లో నాయిస్ దూరినా అంతా కలిసి పైకి వస్తుంది. ఇదంతా నేను నాన్నకి ఫోన్లో చెప్తే, "ఒక ఇంట్లో కనెక్టర్ వదులైతే వీధంతా చెడుద్ది, అంతేగా? నాకు తెల్వదా ఏంటి" అన్నాడు. మన సిలబస్‌లో ఒక యూనిట్ అది.

కాబట్టి ఖర్చుంది. నెట్‌వర్క్‌లు కొనడానికి ఖర్చు, బాగుచేయడానికి ఖర్చు, ఫైబర్ వీధి దాకా తేవడానికి ఖర్చు. 1999 ఫిబ్రవరిలో యూపీసీ షేర్లు ఆమ్‌స్టర్‌డామ్‌లోనూ, నాస్‌డాక్‌లోనూ అమ్మకానికి వచ్చాయి. అవి డాట్‌కామ్ రోజులు. చెల్లో పేరుతో ఇంటర్నెట్ సర్వీసు, వ్యాపార సంస్థలకి ప్రయారిటీ టెలికామ్ అనే ఫోన్ సంస్థ, సొంత టీవీ చానళ్లు అన్నీ ఒకేసారి మొదలయ్యాయి. ఆ ఒక్క ఏడాదిలోనే పోలండ్‌లో అతిపెద్ద కేబుల్ కంపెనీని, స్టాక్‌హోమ్‌లో స్టార్న్ నెట్‌వర్క్‌ని, చెక్ దేశంలో కాబెల్ ప్లస్‌ని, ఆమ్‌స్టర్‌డామ్‌లో మిగిలిన సగాన్ని కొనేశారు. 2000లో రాటర్‌డామ్ వైపు నెట్‌వర్క్ కూడా చేరింది. ఇవి చాలక ఎస్‌బీఎస్ అనే టీవీ కంపెనీని కొంటామని ఒప్పందం చేసుకున్నారు, అది మాత్రం కుదరలేదు. మొత్తం మీద దాదాపు డెబ్భై లక్షల చందాదారులు. ఐదేళ్ల కింద పుట్టిన కంపెనీ.

ఆ స్లైడ్ దగ్గర క్లాసులో కొంచెం కదలిక వచ్చింది. తర్వాత స్లైడ్‌లో లెక్క పెట్టాను. 2000లో యూపీసీ ఆదాయం సుమారు 100 కోట్ల యూరోలు. నష్టం దానికి దాదాపు రెట్టింపు. అప్పు 800 కోట్ల దగ్గర.

ఇంత అప్పు ఎవరిచ్చారు, ఎలా ఇచ్చారు అన్నదే నన్ను పట్టి ఆపిన విషయం. బ్యాంకులు కొంత ఇచ్చాయి. ఎక్కువ భాగం అమెరికాలో అమ్మిన బాండ్లు. వాటిలో డిస్కౌంట్ నోట్లు అని ఒక రకం ఉంది. మొదటి ఐదేళ్లు వడ్డీ చేతి నుంచి కట్టక్కర్లేదు. అది అసలులో కలిసిపోతూ ఉంటుంది. ఆ తర్వాత నుంచి పెరిగిన మొత్తం మీద కట్టాలి. వినడానికి ఎంత హాయిగా ఉంది! కానీ 100 రూపాయలు 12 శాతం చొప్పున ఐదేళ్లు అలా వదిలేస్తే 176 అవుతుంది. ఈ ఐదేళ్లలో నెట్‌వర్క్ బాగుపడి, జనం ఇంటర్నెట్‌కీ ఫోన్‌కీ డబ్బు కట్టడం మొదలుపెట్టి, కంపెనీ లాభాల్లోకి రావాలి. ఒకవేళ రాకపోతే కొత్త అప్పు తెచ్చి పాత అప్పు తీర్చాలి. కొత్త అప్పు ఎప్పుడూ దొరుకుతుందన్న నమ్మకం మీద మొత్తం నిలబడింది.

2000 మార్చి తర్వాత ఆ నమ్మకం పోయింది. డాట్‌కామ్ బుడగ పేలింది. టెలికామ్ షేర్లన్నీ కుప్పకూలాయి, యూపీసీ షేరు కూడా. అటువైపు వీధిలో పని అనుకున్నంత తొందరగా సాగడం లేదు. ఒక వీధి తవ్వడానికి ఎంత కాలం పడుతుందో అంత పడుతుంది, షేర్ మార్కెట్ కోసం పార వేగం పెరగదు కదా. నెదర్లాండ్స్‌లో చెల్లో నెమ్మదిగా ఉందని, ఫోన్ చేస్తే ఎవరూ పలకరని జనం గోలపెట్టారు. ఈ సంగతి చెప్పినప్పుడు నాన్న చాలా సీరియస్‌గా అడిగాడు: "ఫోన్ ఎత్తకపోతే రేపు వీధిలోకి ఎలా వెళ్తారమ్మా వాళ్లు?" వాళ్లు వీధిలోకి వెళ్లరు నాన్నా అని చెప్పాను.

2001లో మార్క్ ష్నైడర్ తప్పుకున్నాడు. 2002 ఫిబ్రవరి 1న కట్టాల్సిన బాండ్ల వడ్డీ కంపెనీ కట్టలేదు. డిసెంబర్‌లో న్యూయార్క్ కోర్టులో చాప్టర్ 11 కింద, ఆమ్‌స్టర్‌డామ్ కోర్టులో అక్కడి చట్టం కింద దివాలా రక్షణ కోరింది. తొమ్మిది నెలల తర్వాత, 2003 సెప్టెంబర్‌లో యూజీసీ యూరప్ అనే కొత్త పేరుతో బయటికొచ్చింది. అప్పులిచ్చినవాళ్ల బాండ్లు వాటాలుగా మారాయి. యూపీసీ షేర్లు కొనుక్కున్న మామూలు జనానికి కొత్త కంపెనీలో మిగిలింది 2 శాతం. ఫలానా షేరు కొంటే ఇల్లు కట్టుకోవచ్చని నమ్మినవాళ్లు అక్కడా ఉండి ఉంటారు.

నా సెమినార్ ఇక్కడ ఆగిపోయింది. అందుకే "ఫెయిల్యూర్" అని రాసుకున్నాను. మేడమ్ ప్రశ్న తర్వాత ఆ రాత్రి మిగతాది చదివాను.

వైర్లని ఎవరూ పీకలేదు. దివాలా నడుస్తున్న ఆ తొమ్మిది నెలలూ వియన్నాలో, ఆమ్‌స్టర్‌డామ్‌లో టీవీలు వస్తూనే ఉన్నాయి. చందాలు వస్తూనే ఉన్నాయి. రిటర్న్ పాత్ పెట్టిన యాంప్లిఫైయర్లు అలాగే ఉన్నాయి. అప్పు మాత్రం తగ్గిపోయింది. కేబుల్‌లో తలపండిన అమెరికన్ జాన్ మెలోన్ ఈ సంగతి ముందే గ్రహించాడు. అందరూ పారిపోతున్నప్పుడు ఆయన కంపెనీ యూపీసీ బాండ్లని చవగ్గా కొని పెట్టుకుంది. 2005లో అన్నీ కలిపి లిబర్టీ గ్లోబల్ అయింది. అది 2013లో బ్రిటన్‌లో వర్జిన్ మీడియాని, 2014లో నెదర్లాండ్స్‌లో జిగ్గోని కొనేంత పెద్దదైంది. దివాలా తీసిన ఐదారేళ్లకే డచ్ ఇళ్లలో అదే కోయాక్స్ మీద సెకనుకు 120 మెగాబిట్ల ఇంటర్నెట్ అమ్మారు. అంటే 1999లో ష్నైడర్లు ఇన్వెస్టర్లకి చెప్పిన మాట నిజమే అయింది. కొన్నేళ్లు ఆలస్యంగా, వేరేవాళ్ల చేతిలో నిజమైంది.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఏదో ఒక పాత ఇంటిని ఊహించుకోండి. గోడలో ఒక కేబుల్ సాకెట్ ఉంది. బిల్లు మీద పేరు మొదట మునిసిపల్ కేటీఏ, తర్వాత ఏ2000, తర్వాత యూపీసీ, ఇప్పుడు జిగ్గో. వియన్నాలో అయితే 2018లో ఆ నెట్‌వర్క్ టీ-మొబైల్ చేతికి పోయింది. 2019లో జర్మనీ, చెక్, హంగరీ, రొమేనియా నెట్‌వర్క్‌లు వొడాఫోన్‌కి పోయాయి. వైరు వైరులాగే ఉంది. దాన్ని వేయడానికి అప్పు చేసినవాళ్లు మాత్రం మధ్యలో కనబడకుండా పోయారు.

తెల్లారి మేడమ్ దగ్గరికి వెళ్లి, "ఫెయిలైంది నెట్‌వర్క్ కాదు మేడమ్, అప్పు తీర్చాల్సిన తేదీ" అని చెప్పాను. "గుడ్" అన్నారు. అంతే. నేను మాత్రం ఆ శనివారం బస్సెక్కి ఇంటికి వెళ్లాను.

నాన్న బ్యాంకు కాగితాలు బల్ల మీద పరిచాడు. పద్దెనిమిది లక్షలు, 11 శాతం, ఏడేళ్లు. నెలకి ముప్పై ఒక్క వేలు. "మేనేజర్ గారు మంచాయన. మొదటి ఏడాది ఏమీ కట్టక్కర్లేదన్నారు, మారటోరియం" అన్నాడు సంతోషంగా.

నాకు డిస్కౌంట్ నోట్లు గుర్తొచ్చాయి. నోట్‌బుక్ తీసి లెక్క వేశాను. మొదటి ఏడాది కట్టకపోతే పద్దెనిమిది లక్షలు ఇరవై లక్షలవుతుంది. మిగిలిన ఆరేళ్లలో నెలకి ముప్పై ఎనిమిది వేలు. ఒక్కో ఇంటర్నెట్ కనెక్షన్ మీద నాన్నకి మిగిలేది నూట ఎనభై. అంటే రెండో ఏడాది మొదటి నెలకి కనీసం రెండు వందల పన్నెండు ఇళ్లు ఎక్కి ఉండాలి. అదీ లైన్‌మన్ జీతం, కరెంటు బిల్లు లేకుండా.

"మొదటి ఏడాదిలో ఎంతమంది తీసుకుంటారు నాన్నా?"

"ఆరొందల నలభై మంది ఉన్నారుగా."

"వాళ్ల ఇంటి ముందు నుంచి వైరు వెళ్తుంది. తీసుకునేది ఎంతమంది?"

కాసేపు ఆలోచించి, "నూట యాభై" అన్నాడు. ఆయనకి తన వీధులు తెలుసు. అబద్ధం చెప్పలేడు.

నూట యాభై ఇంటూ నూట ఎనభై, ఇరవై ఏడు వేలు. పక్కన ముప్పై ఎనిమిది రాశాను. అమ్మ వంటింట్లోంచి ఏమీ మాట్లాడలేదు. ఆ మాట్లాడకపోవడమే నాన్నకి కోపం తెప్పించింది అనుకుంటాను.

"మీ ఇద్దరూ ఒకటే. ఆ వైరు మీదే నిన్ను చదివించాను. ఇప్పుడు వద్దంటే అది ఎండిపోద్ది. అప్పుడు నేనేం చెయ్యాలి, వాచ్‌మన్‌గా పోవాలా?"

ఆ మాటకి నా నోరు పెగల్లేదు. సెమినార్‌లో మేడమ్ ముందు మాట రాకపోవడం వేరు, ఇది వేరు. అరవై ఇళ్ల నుంచి మొదలుపెట్టి పదకొండు వందల ఇళ్ల దాకా ఒక్కో స్తంభమూ ఎక్కిన మనిషి. ఆయన చెప్పేది కూడా తప్పు కాదు. ఫైబర్ వెయ్యకపోతే ఐదేళ్లలో ఆ వ్యాపారం ఉండదు. యూపీసీ వాళ్లదీ ఇదే వాదన, అది నిజమని తేలింది కూడా.

రాత్రి భోజనాలయ్యాక మేడ మీదకి వెళ్లాం. పాత డిష్ ఇంకా అక్కడే ఉంది, అమ్మ దానిమీద వడియాలు ఎండబెడుతుంది. నాన్నకి ఆమ్‌స్టర్‌డామ్ సాకెట్ కథ మొత్తం చెప్పాను. "నేను ఫైబర్ వద్దనట్లేదు నాన్నా. వైరు వేసింది నువ్వే, బిల్లు మీద కూడా నీ పేరే ఉండాలి. ఇల్లు పెట్టి ఊరంతా ఒకేసారి వేస్తే వైరు బతుకుద్ది, అది ఎవరి చేతిలో ఉంటుందో తెలీదు" అన్నాను.

చాలాసేపటి తర్వాత, "ఆ ష్నైడర్ గారబ్బాయి స్తంభం ఎక్కేవాడా?" అని అడిగాడు.

"తెలీదు నాన్నా."

"ఎక్కి ఉండడులే" అన్నాడు.

ఇది జరిగి ఏడు నెలలైంది. నాన్న చిట్టీ పాడిన డబ్బు రెండు లక్షలతో పాత బస్టాండు వీధి ఒక్కటే వేశాడు. డెబ్భై ఇళ్లు. స్ప్లైసింగ్ మెషిన్ కొనలేదు, పక్క ఊరి ఆపరేటర్ దగ్గర రోజుకి ఇంతని అద్దెకి తెచ్చుకున్నాడు. నిన్నటికి ముప్పై ఒక్క ఇళ్లు ఎక్కాయి. చిట్టీ వాయిదాలు పోగా పెద్దగా ఏమీ మిగలట్లేదు. అంతలో ఒక పెద్ద కంపెనీ వాళ్లు మెయిన్ రోడ్డు మీద స్తంభాలు కొలుచుకుని వెళ్లారని నాన్న చెప్పాడు. వీధి తర్వాత వీధి అంటూ కూర్చుంటే వాళ్లు ముందు వచ్చేస్తారేమో. నేను చెప్పిన సలహా సరైనదో కాదో రెండేళ్ల తర్వాత కానీ తెలీదు. అమ్మ మాత్రం ఇంటి కాగితాలు బీరువాలో పెట్టి తాళం తన దగ్గరే ఉంచుకుంది.

ఫ్రెండ్స్, ఇంకో చిన్న మాట. మనలో చాలామందికి ఎడ్యుకేషన్ లోన్ ఉంది. కోర్సు అయ్యేదాకా, ఆ తర్వాత ఇంకొన్నాళ్లు ఏమీ కట్టక్కర్లేదని మనమూ సంతోషపడ్డాం. ఆ రాత్రి హాస్టల్‌కి వచ్చి నా లోన్ స్టేట్‌మెంట్ మొదటిసారి తెరిచి చూశాను. మూడేళ్లలో వడ్డీ ఎంత కలిసిందో చూసి కాసేపు అలాగే కూర్చున్నాను. మీరూ ఒకసారి తెరవండి. సెమినార్ కోసం వద్దు, ఊరికే.